కాళ్ళకు నీళ్ళు

మెట్ట మీద ఒక రైతు ఉండేవాడు. అతని ఇంటికి రోజూ ఒక చుట్టం వచ్చేవాడు. వచ్చినవాడు ఆకలి అనేవాడు, రైతు పెట్టేవాడు.

ఇందులో కథేముందని ఎవరైనా అనవచ్చు. చుట్టం రావడం, ఇంత పెట్టడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. అయితే ఆ మెట్ట మీది జనానికి కొన్ని పట్టింపులు ఉండేవి. వచ్చినవాడు తిని చెయ్యి కడుక్కునేదాకా నువ్వెవరని అడగకూడదు. ఎండకూ గాలికీ అక్కడ అందరూ కంబళి ముసుగు పెట్టుకునే తిరుగుతారు, ఆ ముసుగులోకి తొంగి చూడడం మర్యాద కాదు. పైగా చుట్టాన్ని ఒంటరిగా తిననివ్వకూడదు. అతను ఒక ముద్ద తింటే ఇంటాయన కూడా ఒక ముద్ద తినాలి, అతను పది తింటే పది.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. అది అన్నిటికంటే పాతది. రైతు దాన్ని వదిలేసి చాలా రోజులైంది, వదిలేసిన సంగతి కూడా అతనికి గుర్తు లేదు.

మధ్యాహ్నం పూట వచ్చే చుట్టం పెద్దమనిషి. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు వాకిట్లో నిలబడి దగ్గేవాడు. అరుగు మీద కూర్చునేవాడు. రాగి సంగటి పెట్టినా, ఉడికించిన అలసందలు పెట్టినా, ఉత్త ఆకుకూర పులుసు పెట్టినా కాదనేవాడు కాదు. కడుపు నిండగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలప్పా" అనేవాడు. రైతు కూడా అక్కడితో ఆపి, చెయ్యి కడుక్కుని చేనికి పోయేవాడు.

అదే చుట్టం వేళ కాని వేళ మళ్ళీ వచ్చేవాడు. అప్పుడు మాత్రం పూర్తిగా వేరే మనిషిలా ఉండేవాడు. దగ్గేవాడు కాదు, పిలిచేవాడు కాదు. పక్క చేను ఆసామితో గట్టు తగాదా పడి రైతు విసవిసా ఇంట్లోకి వచ్చినప్పుడో, పని తోచక స్తంభానికి ఆనుకుని కూర్చున్నప్పుడో, పొద్దు కుంకి ఇంకా దీపం పెట్టని ఆ కాస్త సేపట్లోనో, తల తిప్పితే ఉట్టి కింద నిలబడి ఉండేవాడు. అతనికి సంగటి అక్కర్లేదు. బెల్లం కావాలి, వేరుశనగ పప్పుతో చేసిన చెనిక్కాయల ఉండలు కావాలి, నూనెలో వేగిన కారాలు కావాలి. అవీ ఇప్పుడే కావాలి. కూర్చోమంటే కూర్చోడు. కుండలో చెయ్యి పెట్టి నిలబడే తినేవాడు, పక్కన నిలబడి రైతూ తినేవాడు. ఏం తింటున్నారో ఇద్దరికీ తెలిసేది కాదు. కుండ అడుగు వేళ్ళకు తగిలితే గానీ ఆగేవాళ్ళు కాదు. చాలు అన్న మాట ఆ పూట ఆ నోట ఒక్కసారీ రాలేదు.

మనిషికి ఒకో పూట ఒకో గుణం ఉంటుందిలే అని రైతు సరిపెట్టుకున్నాడు. అసలే మొహమాటస్తుడు. చుట్టానికి లేదని చెప్పడం అతని నోటికి రాని విద్య.

ఇంటికీ, దిగువన ఉన్న చేనికీ నడుమ ఒక ఏటవాలు ఉంది. ఒకప్పుడు రైతు దాన్ని ఎద్దుల కంటే ముందు ఎక్కేవాడు. ఇప్పుడు సగం దూరంలో ఉన్న బండ మీద కూలబడితే గానీ ఊపిరి అందడం లేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పంచె ముడి పొట్ట కిందికి జారిపోతోంది. ఎద్దులు పైకెక్కి, ఆగి, వెనక్కి తిరిగి చూసేవి. ఆ చూపు రైతుకు అస్సలు నచ్చేది కాదు. నోరులేని జీవాలే గానీ, అనాల్సిందంతా అనేసినట్టే ఉండేది వాటి వాలకం.

ఇలాగైతే లాభం లేదని ఒకనాడు గట్టు తగాదా పక్కన పెట్టి పక్క చేను ఆసామినే సలహా అడిగాడు. ఇందులో ఆలోచించడానికేముంది, తలుపు మూసి పారెయ్యి అన్నాడు ఆసామి. ఆ చెప్పినాయన పొట్ట ఏమీ తక్కువది కాదు, కానీ సలహా మాత్రం చాలా గట్టిగా చెప్పాడు.

రైతు తలుపు మూశాడు. మధ్యాహ్నం వాకిట్లో దగ్గు వినిపించింది. కదల్లేదు. మరునాడు మళ్ళీ వినిపించింది. పళ్ళ బిగువున కూర్చున్నాడు. నోరు కట్టుకోవడమంటే ఇదీ అని లోలోపల కొంచెం గర్వం కూడా పడ్డాడు. అలా రెండు మూడు పూటలు గడిచేసరికి, ఎండలో నిలబడి నిలబడి ఆ పెద్దమనిషి అరుగు మీదే సొమ్మసిల్లాడు.

ఆ సాయంత్రం, తలుపుకు గడియ పెట్టి ఉండగానే, ఉట్టి కింద చుట్టం నిలబడి ఉన్నాడు. ఎలా వచ్చాడో రైతుకు అంతుబట్టలేదు. మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాచిలోంచి దిగి ఉంటాడనుకుని, పైకెక్కి ఆ కంతకు బండ కప్పాడు. దాంతో ఇంట్లో ఉన్న కాస్త వెలుతురూ పోయింది. దిగి వచ్చి చూస్తే చుట్టం అక్కడే ఉన్నాడు. ఇంతలో తలుపు అవతల అరుగు మీద మూలుగు వినిపించింది. ఇక్కడ నిలబడ్డవాడు అక్కడెలా మూలుగుతాడని ఆలోచించే స్థితిలో రైతు లేడు, మనసు చివుక్కుమని గడియ తీశాడు. ఆ తర్వాత ఆ చీకట్లో ఏం జరిగిందో చెప్పడం కష్టం. ఉండలు పోయాయి, కారాలు పోయాయి, బొరుగులు పోయాయి, బెల్లం అచ్చు కొరికిన చప్పుడు వినిపించింది. కుండలో చేతులు ఎక్కువైనట్టు రైతుకు అనిపించింది గానీ ఎవరి చెయ్యి ఏదో తెలియలేదు.

మర్నాడు పొద్దున రైతు తన్ను తాను తిట్టుకున్నాడు. సాయంత్రం చుట్టాన్ని తిట్టాడు. సిగ్గు లేదా అన్నాడు, పశువైనా ఇంతకంటే నయం అన్నాడు. చుట్టం తల వంచుకుని అన్నీ విన్నాడు. తిట్లు అయిపోయాక, ముందుకంటే ఎక్కువగా వణుకుతూ, ఇంకేమైనా ఉందా అని అడిగాడు.

ఇంట్లో ఇంకేమీ లేదని రైతు చెప్పాడు. అప్పుడు చుట్టం మెల్లగా అన్నాడు.

"లోపలి గదిలో గాదె ఉండాది గదా."

ఆ గది తలుపు తీసి ఆరు నెలలు కావస్తోంది. అతని ఇల్లాలు పోయిననాడు ఆమె చాట, ఆమె చీరలు, చివరి రోజుల్లో ఆమెకు కప్పిన కంబళి అందులోనే వదిలి గొళ్ళెం పెట్టాడు. ఆ తర్వాత ఆ వైపు చూడలేదు. ఎవరైనా ఆమె ఊసెత్తితే వాన గురించో ఎద్దుల గురించో మాట్లాడేవాడు. ఆ గదిలోనే విత్తనం గాదె ఉంది. చెనిక్కాయలు ఏరి, చెరిగి, వేపాకు కలిపి గాదెకు పోసింది ఆమే. మూతకు మట్టి మెత్తి, ఆ పచ్చి మట్టి మీద అరచెయ్యి ఒత్తి మరీ మూసింది. ఆ మెట్ట మీద ఆడవాళ్ళు విత్తనం గాదెకు వేసే ముద్ర అది. చెయ్యి ముద్ర పడిందంటే ఇక ఏరువాక దాకా ఎవరూ ముట్టకూడదు.

ఆ విత్తనం అంగట్లో దొరికేది కాదు. ఆ ఎర్రనేలకూ ఆ అరకొర వానకూ తరాలుగా అలవాటు పడిన విత్తనం. అది తినేస్తే ఈ ఏడు చేను బీడే. ఈ ఏడు బీడైతే వచ్చే ఏడు విత్తనం ఎక్కడిది? రైతుకు అదంతా తెలుసు. తెలిసి కూడా, గాదె అన్న మాట వినగానే, దోరగా వేగిన చెనిక్కాయల వాసన ముక్కుకు తగిలినట్టై నోట్లో నీళ్ళూరాయి. అందుకే అతనికి భయం వేసింది. ఆ పూటకు ఎలాగో మాట దాటేసి చేనికి పారిపోయాడు.

ఆ మర్నాడు దిగువ ఊరి నుంచి రైతు అక్క వచ్చింది. చంకలో తోటకూర మూట పెట్టుకుని, ఎండలో ఏటవాలంతా ఎక్కి వచ్చింది. వచ్చినావిడ లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఏమిరా, ఇంటికొచ్చినోళ్ళకు కాళ్ళకు నీళ్ళు గూడా ఇయ్యవా? ఈ దుమ్ము కాళ్ళతో నేను లోపలికి రాను."

అదీ, రైతు మరిచిపోయిన ఆ పాత పట్టింపు. ఆ మెట్ట మీద అన్నం కంటే నీళ్ళే కష్టం. దిగుడు బావి ఏటవాలు కింద ఉంది, ప్రతి కడవా మోసుకుని పైకి రావాలి. అందుకే చుట్టానికి అన్నిటికంటే ముందు ఇచ్చే మర్యాద కాళ్ళకు నీళ్ళు. ఇంటాయనే వంగి పోయాలి. వాకిలి పక్కన దానికోసమే ఒక రాతి తొట్టి ఉంది. ఇల్లాలు ఉన్నన్నాళ్ళూ అది పొద్దున్నే నిండేది. ఇప్పుడు అందులో ఎండుటాకులూ సాలెగూడూ ఉన్నాయి. ఒక్కడి వంటకు ఒక్క కడవ చాలులే అని రైతు అంతకుమించి మోయడం మానేశాడు.

తల కొట్టేసినట్టై లోపలికి పరుగెత్తి, తాగే నీళ్ళ కడవ తెచ్చి వంగి పోశాడు. వంగడానికి ఆయాసపడ్డాడు. అక్క పాదాల మీది నుంచి నీళ్ళు ఎర్రగా జారాయి. ఆమె కాలికి కాలు రుద్దుకుంటూ హాయిగా నిట్టూర్చింది. నీ ఇల్లాలు ఉండగా ఈ తొట్టి ఎండింది నేనెప్పుడూ చూడలేదు అంది. రైతు ఆ మాట వినపడనట్టు తోటకూర ఏ మడిలోదని అడిగాడు.

అక్క వంట చేసి, తిని, తమ్ముడి పొట్ట వంకా, బండ కప్పిన గవాచి వంకా చూసింది. పోతూ పోతూ వాకిట్లో ఆగింది.

"ఎవురొచ్చినా ముందు నీళ్ళియ్యిరా. అన్నం యాడికీ పోదు."

అక్క పోయాక రైతు కడవ తీసుకుని బావికి దిగాడు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. బండ మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి తొట్టిలో సగానికి నీళ్ళు చేరాయి. తర్వాత మిద్దె ఎక్కి గవాచి మీది బండ కూడా పక్కకు జరిపాడు. చెమటలు కక్కుతూ దిగి, అలసిపోయి పడుకున్నాడు. ఆ పూట ఉట్టి వైపు చూసే ఓపిక కూడా లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాకిట్లో దగ్గు వినిపించింది. రైతు ముంతతో నీళ్ళు ముంచి, వంగి, చుట్టం కాళ్ళ మీద పోశాడు. నీళ్ళు ఎర్రగా జారాయి. ఆ మడమలు పగిలి ఉన్నాయి, పిక్కల మీద ముళ్ళు గీరిన చారలున్నాయి. ఇంత దూరం నడిచి వస్తాడా ఈయన, ఇన్నాళ్ళూ నేను చూడనేలేదే అనుకుని రైతు నొచ్చుకున్నాడు. తోటకూర పులుసుతో సంగటి పెట్టాడు. చుట్టం తృప్తిగా తిని, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. చేనులో ఉన్న రైతుకు ఎక్కడో దూరంగా ఉరిమిన చప్పుడు వినపడింది. ఆ చప్పుడుకు అందరూ సంతోషిస్తారు, అతను మాత్రం చేతిలో పని ఆపేశాడు. పోయినేడు ఇదే ఉరుముకు ఇల్లాలు చాట పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. వానొస్తాందని నవ్వింది. ఆ జ్ఞాపకం అక్కడిదాకా రాగానే రైతు దాన్ని తోసేసి, గబగబా ఇంటిదారి పట్టాడు. దారి పొడుగునా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే బాగుండుననిపించింది.

ఇంట్లో చుట్టం ఉన్నాడు. ఈసారి ఉట్టి కింద కాదు, లోపలి గది ముందు, గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గాదె తియ్యి అన్నాడు. ఒక్క దోసెడు చాలన్నాడు, మూత మళ్ళీ మెత్తుకోవచ్చన్నాడు, ఎవరికీ తెలియదన్నాడు. ఇవన్నీ తన మనసులోని మాటల్లాగే వినిపించాయి రైతుకు. చూరులో దోపిన కొడవలి తీశాడు. ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు. గది వైపు అడుగు వేశాడు కూడా.

అప్పుడే తెరిచిన వాకిలిలోంచి రాతి తొట్టి కనిపించింది. అందులో నీళ్ళు మబ్బు వెలుతురుకు తళతళమంటున్నాయి. తన మోకాళ్ళు అరగదీసి తెచ్చిన నీళ్ళు. రైతు ఆగాడు.

"కాళ్ళకు నీళ్ళిస్తా, రా" అన్నాడు.

చుట్టం నాకు తొందర అన్నాడు. రైతు మళ్ళీ అదే మాట అన్నాడు. ముందు గాదె, తర్వాత నీళ్ళు అన్నాడు చుట్టం. ఒళ్ళంతా వణికింది. రైతుకూ వణుకు పుట్టింది. కొడవలి పట్టిన చెయ్యి దించడానికే అతనికి బలమంతా కావలసి వచ్చింది. అక్క మాట ఒక్కటే ఆ సమయంలో అతనికి ఊతం.

"అన్నం యాడికీ పోదు. కూచో."

చుట్టం గడప లోపలే కూర్చుని కాళ్ళు వాకిట్లోకి చాచాడు. సాయంత్రం పూట అతను కూర్చోవడం రైతు మొదటిసారి చూశాడు. ముంతతో నీళ్ళు ముంచి, వంగి, నిదానంగా పోశాడు.

నీళ్ళు తేటగా జారాయి. ఎంత పోసినా తేటగానే జారాయి. దుమ్ము లేదు, మన్ను లేదు, ఒక్క ముల్లు గీరిన గుర్తు లేదు. మెట్ట మీద పసిపిల్లల కాళ్ళయినా అంత శుభ్రంగా ఉండవు. ముట్టుకుంటే చల్లగా, ఎండ పడని గది నేలలా ఉన్నాయి. వేపాకు వాసన వేశాయి. వాకిట్లో దగ్గే మనిషి కాళ్ళు ఇవి కావు. ఇన్నాళ్ళూ ఇంటికి వస్తున్నది ఒకరు కాదు, ఇద్దరని రైతుకు అప్పుడు తెలిసింది.

తినని చుట్టాన్ని ప్రశ్న అడగకూడదన్నది పట్టింపు. రైతు ఆ పట్టింపును పక్కన పెట్టాడు.

"యాడ నుంచి వచ్చినావప్పా?"

చుట్టం చెయ్యెత్తి లోపలి గది వైపు చూపించాడు. ఎప్పటి నుంచి ఉన్నావని రైతు అడిగాడు. నువ్వు గొళ్ళెం పెట్టినప్పటి నుంచి అన్నాడు. బయటి నుంచి ఎప్పుడూ రాలేదా అంటే, బయట ఎట్లుంటుందో నాకు తెలీదు అన్నాడు.

"నిజంగా ఆకలేనా నీకు?"

చుట్టం తడి కాళ్ళ వంక చూసుకుంటూ అన్నాడు. "ఏమో. నేను కనపడినప్పుడల్లా నువ్వు తిండే పెట్టినావు. ఇంకేం అడగాలో నాకు ఎవురూ చెప్పలేదు."

రైతు కొడవలి కింద పెట్టి అతని పక్కన కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచలేదు, అందుకని ఏమీ చెయ్యలేదు. చుట్టం వణుకుతూనే ఉన్నాడు. ఒక దశలో ఆ వణుకు భరించలేనంత ఎక్కువైంది. లేచి పోయి గాదె బద్దలు కొడితే పోతుంది కదా అని రైతుకు బలంగా అనిపించింది. లేవలేదు. వాకిట్లో గాలి లేచింది, ఎండుటాకులు దొర్లాయి, ఎద్దులు మెడగంటలు కదిలించాయి. వణుకు ఎక్కిన మెట్లే దిగుతున్నట్టు మెల్లగా తగ్గింది. ఇది తగ్గేదేనని రైతుకు ఇంతవరకు తెలియదు, ఎప్పుడూ తగ్గేదాకా ఆగింది లేదు.

అప్పుడు చుట్టం ఒక్కటే కోరాడు. ఆమెను పేరు పెట్టి పిలువు అన్నాడు.

ఆ మెట్ట మీద మగవాళ్ళు ఇల్లాలిని పేరు పెట్టి పిలవరు. రైతు బతుకంతా ఏమే అనే పిలిచాడు. చనిపోయాక అదీ లేదు. నాలుక పొడారిపోయింది. తొట్టిలోంచి దోసెడు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, గది తలుపు వైపు తిరిగాడు.

"సుంకమ్మా" అన్నాడు.

అని ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఏడవని మనిషి, పొట్ట అదిరేలా, గడప మీద పడి ఏడ్చాడు. చుట్టం పక్కనే కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక రైతు చెయ్యి చాచి అతని ముసుగు తీశాడు. ఆ కంబళి ఏదో అప్పుడు గుర్తుపట్టాడు. అది గదిలో వదిలేసిన ఆమె కంబళి. దాని కింద ఎవరి ముఖం చూశాడో రైతు ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం గొళ్ళెం తీశాడు గానీ, గాదె ముట్టడానికి కాదు. గది ఊడ్చాడు. చాట తెచ్చి వంటింట్లో పెట్టాడు. తలుపు బార్లా తెరిచి ఉంచాడు. గవాచిలోంచి పడే వెలుతురు ఆ గడప దాకా వచ్చింది.

ఆ రోజుతో అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. చుట్టం ఆ తర్వాత కూడా వచ్చాడు. కొన్ని సాయంత్రాలు తొట్టి ఎండి ఉండేది, రైతు నీళ్ళ ఊసే ఎత్తకుండా నిలబడి కుండ ఖాళీ చేసేవాడు. అయితే మర్నాడు తన్ను తాను తిట్టుకోవడం మానేశాడు. తిడితే చుట్టానికి ఆకలి పెరుగుతుందని తెలిసిపోయింది కదా. కడవ తీసుకుని బావికి దిగేవాడు, అంతే. నీళ్ళు ఉన్ననాడు ముందు నీళ్ళు పోసేవాడు. ఎర్రగా జారితే కంచం వేసేవాడు. తేటగా జారితే పక్కన కూర్చుని, ఏం జరిగిందప్పా అని అడిగేవాడు. ఒక్కోసారి గట్టు తగాదా బయటపడేది, ఒక్కోసారి ఉత్త అలసట. ఎప్పుడైనా ఇద్దరూ చెరో బెల్లం ముక్క తీసుకుని, కూర్చుని, చప్పరిస్తూ తినేవాళ్ళు. కూర్చుని తింటే బెల్లం ఎంత తియ్యగా ఉంటుందో రైతుకు అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం పెద్దమనిషిని మాత్రం ఏనాడూ వాకిట్లో నిలబెట్టలేదు.

నీళ్ళ కడవలు మోసి మోసి, తెలియకుండానే రైతు ఏటవాలులో ఆ బండను దాటి కూర్చోవడం మొదలుపెట్టాడు.

వాన పడింది. నేల తడిసి మెత్తబడ్డ పొద్దున రైతు గాదె ముందు నిలబడ్డాడు. మూత మీది చెయ్యి ముద్రలో తన చెయ్యి పెట్టాడు. అతని చెయ్యి పెద్దది, ఆ ముద్రలో పట్టలేదు. కాసేపు అలాగే ఉంచాడు. చేను బీడు పడినా సరే ఈ ముద్ర చెడకుండా ఉంటే చాలని ఇన్నాళ్ళూ తనకు లోపల ఒక ఆశ ఉందని అతనికి అప్పుడు అర్థమైంది. కొడవలి పిడితో మెల్లగా తట్టాడు. మట్టి విడింది. వేపాకు వాసన గుప్పుమంది. చెనిక్కాయలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ముద్ర పడిన మట్టి పెళ్ళల్ని పారెయ్యలేదు, విత్తనం గంపలోనే ఒక పక్కన పెట్టుకున్నాడు, చేనులో కలపడానికి.

కాయలు వొలిచి, గంప ఎత్తుకుని గడప దాటబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. నేనూ రానా అని. చుట్టం లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముసుగు లేదు.

రైతు గంప అతని నెత్తిన పెట్టాడు. చుట్టం గడప మీద ఆగి, పచ్చి నేలను బొటనవేలితో తాకి చూసి, కాలు బయటపెట్టాడు. గంపా మడకా మోస్తూ ఏటవాలు దిగుతుంటే ఇద్దరికీ ఆయాసం వచ్చింది, ఇద్దరూ కూర్చున్నారు. ఎద్దులు వెనక్కి తిరిగి చూశాయి. ఈసారి రైతుకు నవ్వొచ్చింది. చేనులో రైతు ఎద్దులను కట్టి మడక పట్టాడు, చుట్టం వెనకాలే సాలు వెంబడి నడుస్తూ ఒక్కొక్క గింజా వదిలాడు. పోయినేటి దాకా ఆ పని ఆమెది. గింజలన్నీ చేతిలో ఉన్నా అతను ఒక్కటి నోట్లో వేసుకోలేదు, వేసుకోవాలని గుర్తే రానట్టుంది.

పొద్దు వాలేసరికి ఇద్దరూ తిరిగి వచ్చారు. చుట్టం నేరుగా లోపలికి పోలేదు. వాకిట్లో తొట్టి పక్కన నిలబడి, కాళ్ళకు నీళ్ళు అని అడిగాడు. రైతు వంగాడు. ఇప్పుడు వంగడం అంత కష్టంగా లేదు. ముంత ఒంచాడు.

నీళ్ళు ఎర్రగా జారాయి. జారి అరుగు కింద చిన్న మడుగు కట్టాయి. చుట్టం ఆ ఎరుపు వంక వింతగా చూసుకున్నాడు. తర్వాత పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కొత్తగా నేర్చుకున్న మాట చెప్పినట్టు చెప్పాడు.

"ఆకలేస్తాంది."

రైతు ఈసారి ఏమీ అడగలేదు. లోపలికి పోయి సంగటి కుండ దించాడు.